మెర్లీనా దాచుకున్న అరగంట

"గడియారం తప్పు చూపిస్తే నాకేం భయం లేదు. సరిగ్గా చూపించిన రోజే నా కొంప మునగబోయింది," అంది మెర్లీనా టెల్స్‌ఫర్డ్ నాతో, ఒళ్ళో జల్లెడ పెట్టుకుని జాజికాయల మీది ఎర్రటి జాపత్రి ఒలుస్తూ.

లోపల గదిలోంచి ఆమె భర్త సెప్టిమస్ గొంతు వినబడింది. గడియారమన్నాక సరిగ్గా నడవడమే దాని ఉద్యోగమనీ, పధ్నాలుగు నెలల నుంచీ ఇదే మాట చెబుతున్నాననీ.

"నువ్వు పేపరు చదువుకో మనిషీ, నిన్నెవరూ సాక్షి చెప్పమనలేదు," అంది మెర్లీనా, తల తిప్పకుండానే.

దీవి తీరాన హ్యాపీ హిల్ అనే ఊళ్ళో వాళ్ళ ఇల్లు రోడ్డు మలుపు మీదే ఉంటుంది. వరండాలో కూర్చుంటే కింద సముద్రం, పక్కన మామిడిచెట్టు నీడలో ఆమె పదహారు సీట్ల బస్సు కనబడతాయి. మొదట పంతొమ్మిదేళ్ళు ఆమె గుయావ్ అనే జాలరి ఊరికీ రేవుపట్నం సెయింట్ జార్జెస్‌కీ మధ్య బస్సు తోలింది. కోళ్ళను, బడిపిల్లలను, పెళ్ళి కేకులను, ఒకసారి నొప్పులొస్తున్న గర్భిణీని కూడా మోసింది. తర్వాత రేవు కార్డు సంపాదించింది. టూరిస్టు ఓడలు వచ్చే కాలంలో రేవు గేటు లోపల బండి నిలుపుకోవడానికి డ్రైవర్ల సంఘం ఇచ్చే కార్డది. దానికోసం ఆమె నాలుగేళ్ళు తిరిగింది. చేతికి వచ్చిన రోజున బండ్ల వరసలో ఉన్న మగ డ్రైవర్లు, ఈమె నెమ్మదిగా తోలుతుంది, దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పలకరిస్తుంది, నెల తిరక్కుండానే ఈమె బండెక్కినవాళ్ళలో ఎవరో ఒకర్ని ఓడ వదిలేసి పోతుంది చూడండి అని చెప్పుకున్నారు. అలా జరిగితే సంఘం ఆ కార్డు వెనక్కి తీసుకుంటుంది. మినహాయింపులు లేవు.

నెల కాదు, పదకొండేళ్ళు గడిచాయి. మెర్లీనా బస్సెక్కిన మనిషి ఒక్కరు కూడా ఓడ తప్పలేదు. తప్పడం అటుంచి, రేవులో పరిగెత్తలేదు. మిగతా బండ్ల వాళ్ళు సంచులు ఎగరేసుకుంటూ, చెప్పులు చేత పట్టుకుని పరిగెడుతుంటే, గేటు దగ్గర మసాలా దినుసుల దండలు అమ్మే ఆడవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. అది వాళ్ళకు సాయంత్రపు వినోదం. మెర్లీనా తెచ్చినవాళ్ళు మాత్రం ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ తాపీగా నడిచి వెళ్ళేవారు.

దీని కిటుకు ఆమె ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మొగుడికి కూడా. బస్సులో స్టీరింగు పైన ఉన్న గడియారాన్ని అరగంట ముందుకు తిప్పి పెట్టింది, అంతే. జలపాతంలో ఈత కొడుతున్నవాళ్ళు, ఇంకో ఫోటో ఇంకో ఫోటో అనేవాళ్ళు బస్సెక్కి ఆ గడియారం చూడగానే గతుక్కుమని కుదురుగా కూర్చునేవారు. ఆమె మాత్రం దాన్ని చూసినప్పుడల్లా మనసులో అరగంట తీసేసుకునేది. ఏళ్ళ తరబడి చేసి చేసి, తీసేస్తున్నానన్న సంగతి కూడా ఆమెకు తెలియకుండా పోయింది.

ఒక శుక్రవారం సాయంత్రం సెప్టిమస్ బస్సుకు కొత్త బ్యాటరీ వేశాడు. తీసి వేయడంలో గడియారం ఆరిపోయింది. అతను కరెంటు కంపెనీలో ముప్ఫై ఏళ్ళు మీటర్లు చూసిన మనిషి. రేడియోలో టైము చెప్పేదాకా నిలబడి, క్షణం తేడా లేకుండా దాన్ని దిద్దాడు. ఆ మాట భార్యకు చెబుదామనే లోపలికొచ్చాడు. కానీ అక్కడ వేరే మాట నడుస్తోంది. గుయావ్ నుంచి రేవుకు వచ్చే దారిలో ఉన్న గ్రాండ్ రాయ్‌లో ఇగ్నేషియస్ లెండోర్ పోయాడు, మర్నాడే అంత్యక్రియలు. ఇద్దరికీ పాత స్నేహితుడు. మర్నాడు ఓడ ఉంది కాబట్టి మెర్లీనాకు వెళ్ళడం కుదరదు. తన బదులు సెప్టిమస్ నల్ల సూటు వేసుకుని వెళ్ళాలి. ఆ సూటుకు గుండీ ఊడిందని తేలింది. గుండీ వెతకడంలో గడియారం సంగతి కొట్టుకుపోయింది.

పొద్దున రేవులో ఓడ దిగినవాళ్ళు అరగంట ముందే వచ్చేశారనుకుంది మెర్లీనా. ఎంత బుద్ధిమంతులో అని ముచ్చటపడింది కూడా. మొత్తం పన్నెండు మంది. వాళ్ళలో డోరీన్ అనే పెద్దావిడ కెనడాలో పోస్టాఫీసు నడిపి రిటైరయింది. మోకాలు బాగోక చేతికర్రతో నడుస్తుంది. మాటకు మాట అంటిస్తుంది. మధ్యాహ్నానికల్లా ఆమె, మెర్లీనా ఒకరి మోకాలి గురించి ఒకరు పూర్తిగా తెలుసుకున్నారు.

ఆ రోజంతా టైము దండిగా ఉందనిపించింది మెర్లీనాకు. కాంకర్డ్ జలపాతం దగ్గర ఇంకాసేపు ఆడుకోండి అంది. జాజికాయలు ఎండబెట్టే గిడ్డంగిలో పనిచేసే ఆడవాళ్ళు పాట పాడుతుంటే ఇంకొకటి పాడించింది. గుయావ్ ఒడ్డున జాలర్లు పెద్దవల లాగుతున్నారు. చూస్తామన్నారు. చూడండమ్మా, దానికేం అంది. చూసినవాళ్ళు ఊరుకోక తాళ్ళు పట్టుకున్నారు. తాడు పట్టిన ప్రతి చేతికీ చేపల్లో వాటా ఇవ్వడం అక్కడి పద్ధతి. పోస్టాఫీసు డోరీన్ కూడా ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో తాడు పట్టుకుంది. చివరికి పన్నెండు మందికీ కలిపి బకెట్టు నిండా చేపలొచ్చాయి. ఓడ మీద తిండికి లోటు లేనివాళ్ళు, సొంతంగా సంపాదించామని ఆ బకెట్టు చుట్టూ చేరి ఒకటే మురిసిపోయారు.

బస్సు కదిలేసరికి గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. అంటే మూడుంముప్పావు అనుకుంది మెర్లీనా. ఐదుకల్లా ఓడ ఎక్కాలి. రేవుకు ముప్పావుగంట దారి. అరగంట చేతిలో ఉంది. దారిలో వేడి చేప బజ్జీలు కూడా తినిపించవచ్చని లెక్క వేసుకుంటూ రేడియో పెట్టింది.

పాట మధ్యలో ఆగిపోయింది. ఆర్గన్ వాద్యం మొదలైంది. దాని వెనకే నెమ్మదైన ఆడగొంతు: ఫలానావారి మరణవార్త విచారంతో తెలియజేస్తున్నాం.

చావు ప్రకటనలవి. ఆ దీవిలో చేపలు తోమే మనిషి కూడా కత్తి ఆపి వింటుంది. సాయంత్రం సరిగ్గా నాలుగుంబావుకి వస్తాయి. ముందు రావు, వెనక రావు.

మెర్లీనా గడియారం వైపు చూసింది. రేడియో వైపు చూసింది. మళ్ళీ గడియారం వైపు. అది నిజమే చెబుతోంది. సంచిలోంచి ఫోను తీసి చూస్తే అదీ అదే మాట చెప్పింది.

బజ్జీల మాట మానేసి గేరు మార్చింది. వెనక నుంచి డోరీన్, "ఏమ్మా, రంగు మారిపోయావ్?" అని అడిగితే, ఏం లేదు, గట్టిగా పట్టుకోండి అంది. ముప్పావుగంట దారి ముప్పావుగంటలోనే ఉంది కదా, ఆగకుండా పోతే చాలు అని ధైర్యం చెప్పుకుంది.

గ్రాండ్ రాయ్ మలుపు తిరగ్గానే రోడ్డు నిండా వీపులు.

తెల్లబట్టలు, నల్లబట్టలు, ఊదారంగు టోపీలు. ముందెక్కడో రెండు బూరాలు, వాటి వెంట కీర్తన. అందరికన్నా ముందు శవపేటిక బండి, మనిషి నడకకన్నా నెమ్మదిగా. ఇగ్నేషియస్ లెండోర్ చర్చి నుంచి శ్మశానానికి వెళ్తున్నాడు.

హారన్ మీద చెయ్యి వెయ్యాలన్న ఆలోచన మెర్లీనాకు రాలేదు. ఆ దీవిలో పుట్టిన ఎవరికీ రాదు. పోయినవాణ్ణి దాటి బతికున్నవాళ్ళు ముందుకు పోకూడదు. ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం, వేరే దారి లేదు. ఈ నడకన శ్మశానం చేరాలంటే ఇంకో ఇరవై నిమిషాలు. పదకొండేళ్ళ కార్డు అక్కడ, ఆ వీపుల వెనక, ఇంజను ఆపుకుని నిలబడింది.

ఆమె బస్సు దిగింది. దిగి, చేసేదేం లేక, నడిచే జనంలో కలిసి నడిచింది. వెనక్కి చూస్తే ఆ పన్నెండు మందీ దిగిపోయారు. నిక్కర్లలో, పూలచొక్కాల్లో, టోపీలు గుండెలకు హత్తుకుని, తలలు దించుకుని వరసగా వస్తున్నారు. ఇది కూడా చూడాల్సినవాటిలో ఒకటనుకున్నారో ఏమో. డోరీన్ కర్ర టక్కుటక్కుమంటోంది.

జనం మధ్యలో నల్ల సూటు వేసుకుని సెప్టిమస్ కనబడ్డాడు. చేతిలో పూలచక్రం. భార్యను చూసి అతని మొహం వెలిగింది.

"అప్పుడే వచ్చేశావా మెర్లీ? పని తొందరగా తెమిలిందే."

"బస్సులో గడియారం ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. ఎప్పుడూ అరగంట తేడా చూపించేది అది. బ్యాటరీ వేసినప్పుడు సరిచేశాను," అన్నాడు, మెచ్చుకుంటుందని చూస్తూ.

అనాల్సిన మాటలు నోటిదాకా వచ్చాయి. చుట్టూ కీర్తన నడుస్తోంది. చివరికి ఆమె చేయగలిగింది ఒక్కటే. తర్వాతి చరణం అందుకుని, ముందు నడిచేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా పాడింది.

అలా చూసినవాళ్ళలో ఇగ్నేషియస్ భార్య యూజీనా కూడా ఉంది. ఆమె ఆగింది. పూలచొక్కాల వాళ్ళను పైనుంచి కిందిదాకా చూసి, వీళ్ళంతా ఎవరు మెర్లీనా, మా ఆయనకు తెలిసినవాళ్ళా అని అడిగింది. మెర్లీనా దాచలేదు. రేవు, ఐదు గంటలు, గడియారం, అంతా నాలుగు ముక్కల్లో చెప్పి, నిన్ను అడగడానికి నాకు నోరు రావట్లేదు మిస్ యూజీ, నేనేం అడగను కూడా అంది.

ఇగ్నేషియస్ కుర్రతనంలో సరుకు ఓడ మీద పనిచేశాడు. అరుబా దీవిలో ఓడ అతన్ని వదిలేసి పోతే పదకొండు రోజులు బియ్యం గోదాములో పడుకున్నాడు. ఆ కథ ఆ తీరంలో వినని మనిషి లేడు. అందరికన్నా ఎక్కువసార్లు విన్నది యూజీనా. ఆమె గబగబా ముందుకు నడిచి బండి ఆపించింది.

గొడుగు పట్టుకుని ముందు నడుస్తున్న బాప్టిస్ట్ అనే పెద్దమనిషి ఒప్పుకోలేదు. పోయినవాణ్ణి దాటిపోవడం ఈ ఊళ్ళో ఎన్నడూ లేదు, నా చేతుల మీదుగా జరగనివ్వను అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదని అందరికీ తెలుసు. బూరాలు ఆగిపోయాయి. మెర్లీనా వెనక్కి తిరగబోయింది.

యూజీనా చుట్టూ ఒకసారి చూసింది. ఎడంపక్కనే రమ్ము కొట్టు. పోయినవాడి మీది మర్యాదకు తలుపు సగం మూసి ఉంది.

"మిస్టర్ బాప్టిస్ట్, నలభై రెండేళ్ళు కాపురం చేశాను. సాయంత్రం పూట ఈ దారిన వస్తూ ఈ కొట్టు దగ్గర ఆగకుండా మా ఆయన ఇంటికొచ్చిన రోజు ఒక్కటి చెప్పండి."

బాప్టిస్ట్ గొడుగు ఇంకో చేతికి మార్చుకుని కొట్టు తలుపు వైపు చూశాడు.

"మరి ఇవాళ మాత్రం ఎందుకు ఆగకూడదు? ఆగి కూర్చున్నవాణ్ణి దాటిపోవడం తప్పెలా అవుతుంది?"

మొదట ఎవరో వెనక ముసిముసిగా నవ్వారు. తర్వాత బూరా ఊదేవాడికి నవ్వు ఆగలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచినవాళ్ళు కూడా మొహాలకు రుమాళ్ళు అడ్డుపెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. బాప్టిస్ట్ గొడుగు మూసి, సరే, కాసేపు కూర్చోనివ్వండి పాపం అన్నాడు. శవపేటిక బండి కొట్టు ముందు ఖాళీ జాగాలోకి తిరిగింది. జనం రోడ్డుకు అటూ ఇటూ జరిగారు. మెర్లీనా తన పన్నెండు మందినీ మళ్ళీ బస్సెక్కించింది. మెర్లీనా బస్సు వాళ్ళ మధ్యలోంచి నెమ్మదిగా, కిటికీల్లో పన్నెండు తలలు వంగి ఉండగా, ముందుకు పోయింది. కొట్టువాడు తలుపు రెండో సగం కూడా తెరవడం ఆమె అద్దంలో చూసింది.

తర్వాత ఎలా తోలిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. హ్యాపీ హిల్‌లో సొంత ఇంటి ముందు నుంచి పోతూ కూడా అటు చూడలేదట. రేవు గేటు చేరేసరికి ఐదుకి మూడు నిమిషాలు తక్కువ.

పదకొండేళ్ళలో మొదటిసారి మెర్లీనా బస్సులోంచి జనం పరిగెత్తారు. దండలమ్మే ఆడవాళ్ళు ముందు నమ్మలేదు. నమ్మాక బల్లలు ఎక్కి, అత్తను పిలిచినట్టు టాంటీ అంటూ అరిచారు.

"టాంటీ మెర్లీ, నీ వాళ్ళకు కూడా కాళ్ళున్నాయే!"

"ఉన్నాయి తల్లీ, మంచి రోజు చూసి తీద్దామని దాచాను," అంది మెర్లీనా, డోరీన్ సంచి ఒక భుజాన, డోరీన్ చెయ్యి ఇంకో భుజాన వేసుకుని నడుస్తూ. వెనక ఇద్దరు చేపల బకెట్టు మోసుకొస్తున్నారు. గేటు కాపలావాడు పచ్చిచేపలు ఓడెక్కవని ఖండితంగా చెప్పాడు. వాళ్ళు ఆ బకెట్టును మెర్లీనా చేతిలో పెడుతూ, అంత్యక్రియల ఇంట్లో వండుకోమని చెప్పండి అన్నారు. డోరీన్ అందరికన్నా చివర ఎక్కింది. ఎక్కి, ఓడ అంచున నిలబడి, కర్ర పైకెత్తి ఊపింది. ఓడ కూత వేసింది. దండల ఆడవాళ్ళు కూడా జవాబుగా కూత పెట్టారు.

మెర్లీనా బస్సు తిప్పుకుని గ్రాండ్ రాయ్ వెళ్ళింది. శ్మశానంలో ఇంకా పాట నడుస్తూనే ఉంది. ఆగినవాడు ఊరికే ఆగడు కదా, మగవాళ్ళు అతని పేరు మీద తలా ఒక గుక్క వేసుకున్నారు. మొత్తానికి ఇగ్నేషియస్ తన అంత్యక్రియలకు ముప్పావుగంట ఆలస్యంగా చేరాడు. ఆ రాత్రి భోజనాల్లో యూజీనా ఆ మాట అందరికీ తనే చెప్పి నవ్విందట, చేపల పులుసు వడ్డిస్తూ.

జాపత్రి ఒలవడం అయిపోయింది. మెర్లీనా జల్లెడ దించి లోపలికెళ్ళింది. సెప్టిమస్‌తో ఏదో గొడవపడి, ఇద్దరూ నవ్వుకుని, గుడ్డలో మూటగట్టిన నల్ల కేకుతో బయటికొచ్చింది. వారం వారం అలాంటి కేకు ఒకటి యూజీనాకు అందాలి. ఓడ లేని వారం తనే తీసుకెళ్తుంది, ఉన్న వారం ఎవరో ఒకరి చేత పంపుతుంది. ఈ వారం ఓడ ఉంది. నేను ఎక్కాల్సిన, ఉత్తరం వైపు వెళ్ళే బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టింది.

"నువ్వెలాగూ గ్రాండ్ రాయ్ మీదుగానే పోతావుగా, ఇది మిస్ యూజీకి ఇచ్చి వెళ్ళు," అంది, మూట నా చేతిలో పెడుతూ. "గుమ్మంలో ఇచ్చి పరిగెత్తకు. ఒక్కత్తే అయితే ముక్క కూడా నోట్లో పెట్టుకోదు. ఎదురుగా కూర్చో, నువ్వూ తిను, అరుబా కథ అడుగు. బస్సు పోతుందేమోనని కిటికీ వైపు చూడకు. పోనీ. ఇంకోటి వస్తుంది."