ఒక సంవత్సరం తరువాత

ఆ నవంబరులో మా అక్కా బావగారూ ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా ఇంటికి వచ్చేసరికి ఆయనకి అన్నం మింగుడుపడక చాలా రోజులైంది. అన్నవాహికలో గడ్డ ఉందని విశాఖపట్నంలో తేల్చారు. ఫౌజులో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి వైద్యం కోసం ఢిల్లీ కంటోన్మెంటులోని మిలటరీ ఆసుపత్రికి పంపారు. కొన్ని వారాల పాటు రోజూ రేడియేషన్ ఇవ్వాలన్నారు. వాళ్లకి ఒక్కతే కూతురు, ఆ పిల్లకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. అందుకని ఇద్దరే బయల్దేరి వచ్చారు.

పొద్దున్నే మా ఆయన ఆఫీసుకి వెళ్తూ వాళ్లని ఆసుపత్రి దగ్గర దింపేవారు. రేడియేషన్ అయ్యాక వాళ్లిద్దరూ మధ్యాహ్నానికి క్యాబ్‌లో తిరిగి వచ్చేవారు. నేను టీచర్ని. పొగ ఎక్కువై బడులు మూసేసిన రోజులవి. పొద్దున ఆన్‌లైన్ క్లాసులు అయిపోతే నాకు ఇక పని లేదు. కిటికీలన్నీ బిగించుకుని ముగ్గురం హాల్లో కూర్చునేవాళ్లం. బావగారు మొదటినుంచీ మాటలు తక్కువ మనిషి. అక్క అలా కాదు. వాళ్ల ఊళ్లో వీధిలో వెళ్లే ప్రతివాళ్లనీ ఆపి పలకరించే మనిషి, ఇక్కడికొచ్చాక నోరు కట్టేసుకుంది. చెప్పుకోవాల్సింది చాలా ఉన్నా ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. జబ్బు ఉన్న ఇంట్లో అంతే.

మా అమ్మాయి ఢిల్లీలోనే మునిర్కాలో గది తీసుకుని చదువుకుంటోంది. ఆ ఆదివారం వచ్చి, మా ముగ్గురినీ చూసి, ఇంకేం అనకుండా టీవీలో ఒక కొరియన్ ప్రేమ సీరియల్ పెట్టింది. "పెద్దమ్మా, తెలుగు డబ్బింగ్ హై, ఆప్ దేఖో" అంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి హిందీయే వస్తుంది. అక్కకి హిందీ రాకపోయినా అర్థమైనట్టు తల ఊపింది. సాయంత్రం పిల్ల వెళ్లిపోయింది. మర్నాడు ఆసుపత్రి నుంచి రాగానే అక్క, "ఆ పిల్ల కత ఏటయిందో చూద్దామా" అంది.

సముద్రం ఒడ్డున చిన్న ఊళ్లో నూడుల్స్ కొట్టు నడుపుకునే అమ్మాయి కథ అది. ఆ ఊళ్లో హోటల్ కట్టించడానికి పట్నం నుంచి పెద్దింటి అబ్బాయి ఒకడు వస్తాడు. వీళ్లిద్దరికీ ప్రేమ కుదురుతుందని మొదటి రోజే తెలిసిపోతుంది. అయినా మేం రోజూ చూశాం. కారణం ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. ఆ సీరియల్‌కి తొందర లేదు. వాన పడుతుంటే పడనిచ్చేవాళ్లు. ఆ అబ్బాయి ఒకరోజు కొట్లోకి వచ్చి, మోకాళ్ల నొప్పితో నించుని పనిచేస్తున్న ఆ పిల్ల తల్లి వెనక ఒక కుర్చీ పెట్టి వెళ్లిపోతాడు. ఎవరు పెట్టారో తల్లికి తెలియదు. కూతురు చూస్తుంది, మాట్లాడదు. ఆ రోజు కథంతా అంతే. మన సీరియళ్లలో అయితే ఆ కుర్చీ మీద పెద్ద గొడవ అయ్యేది. అక్కకి నచ్చింది వేరే. వాళ్లు కూడా ఎదురుపడగానే "తిన్నావా" అని అడగడం. "మనలాగే అడుగుతున్నారే" అని మురిసిపోయింది.

ఆ తినడం దగ్గరే మాకు ఇబ్బంది వచ్చింది. ఎవరికి సంతోషం కలిగినా తింటారు, దుఃఖం కలిగినా తింటారు. పొగలు కక్కే గిన్నెలు, జుర్రుకునే చప్పుళ్లు. పక్కన బావగారు పలచటి రాగిజావ ఒక్కో చెంచా మింగుతూ, ఒక్కోదానికీ కళ్లు మూసుకునేవారు. అక్క గబగబా రిమోట్ అందుకుని ముందుకి జరిపేది. రెండుమూడుసార్లు చూసి ఆయన, "ఉంచు. తిననీ వాళ్లని. చూస్తే నాకేం కాదు" అన్నారు. అప్పటిదాకా ఆయన పేపరు చదువుకుంటున్నారనుకున్నాం. ఆ రోజు నుంచి పేపరు మడిచి పెట్టేసి మాతోపాటే చూశారు.

సగం దాటాక కథ పలచబడింది. ఇద్దరూ చిన్నప్పుడే ఒకసారి కలిశారని బయటపడింది. ఎక్కణ్ణుంచో లారీ వచ్చి ఆ అబ్బాయిని గుద్దింది. కొన్నాళ్లు అతనికి ఏదీ గుర్తు లేదు, తరవాత అవసరమైనప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. ఆ పిల్ల స్నేహితురాలికి తనదంటూ ఒక్క కష్టం కూడా రాయలేదు, ఎప్పుడు చూసినా వీళ్లిద్దరి గురించే ఏడుస్తుంది. ఆ అబ్బాయి కోపం వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మణికట్టు పట్టి లాక్కెళ్లడం నాకు నచ్చలేదు. అదే మాట అంటే అక్క, "సెయ్యి పట్టుకుంటే ఆ పిల్లకి ఇష్టమే కదే, లాగడమెందుకు మరి" అంది.

చివరికి వచ్చేసరికి ఆ అబ్బాయి, తన వల్ల ఆ పిల్లకి హాని జరుగుతుందని తనంతట తనే అనుకుని, చెప్పకుండా దేశం విడిచి వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఒడ్డున నించుంది. తెర నల్లబడింది. మధ్యలో 'ఒక సంవత్సరం తరువాత' అని అక్షరాలు పడ్డాయి. మళ్లీ వెలుగు వచ్చేసరికి కొట్టుకి కొత్త రంగు, పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, అతను గుమ్మంలో నించుని నవ్వుతున్నాడు.

అక్క రిమోట్ నొక్కి ఆపేసింది.

"ఆ ఏడాది ఏదే?" అంది నాతో. కోపంగా కాదు, నిజంగా అడిగినట్టే. "ఏదీ, చూపించరేటి? కత అక్కడే కదా ఉంది. ఈ రాసినోడు ఎవరికోసమూ ఎదురుచూసినట్టు లేడు."

పెళ్లయ్యాక అక్క చాలా ఏళ్లు ఊళ్లో అత్తగారి దగ్గరే ఉంది. బావగారు సరిహద్దుల్లో, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోట్ల. ఏడాదికి ఒకసారి సెలవు మీద వచ్చేవారు. వచ్చినన్నాళ్లూ ఇంటి కప్పు బాగుచేయడం, చుట్టాలని చూడటం సరిపోయేది. ఫోన్లు లేని రోజులు.

బావగారు అక్కని అడిగారు. ఆయన గొంతు అప్పటికి బొంగురుపోయింది. "బాబు పోయిన రోజు నువ్వేం చేశావు?"

వాళ్లకి కూతురి కంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టాడు. నెల తిరక్కుండానే పోయాడు. అప్పుడు బావగారు మంచుకొండల్లో ఉన్నారు, దారులు మూసుకుపోయి చాలా నెలలకి గానీ రాలేకపోయారు. వచ్చినప్పుడు ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదని అమ్మ చెప్పేది. బిడ్డ ఇంట్లోనే, సాయంత్రం నిద్రలో పోయాడని మా అందరికీ తెలుసు. అక్క చెప్పిందే అది.

అది నిజం కాదట.

జ్వరం తగ్గకపోతే పొద్దున్నే ఒక్కతే బిడ్డనెత్తుకుని పట్నం ఆసుపత్రికి వెళ్లిందట. వాళ్లు మందిచ్చి పంపేశారు. తిరుగుబస్సులో, దారి సగం కూడా కాకముందే, ఒళ్లో బిడ్డ చల్లబడ్డాడు. ఆ మాట బయటికి చెబితే బస్సులోంచి దింపేస్తారని భయపడింది. చీర కొంగు కప్పుకుని కూర్చుంది. పక్కన ఒక ముసలామె, "నిద్రపోయాడా?" అని అడిగింది. అవునని తలూపింది. ఆమె ఇంకా ఏవో అడిగింది, పేరు పెట్టారా, ఎవరి పోలిక అని. అన్నిటికీ జవాబు చెప్పింది. ఊరు రాగానే దిగి, నడిచి ఇంటికెళ్లి, బిడ్డని ఉయ్యాల్లో పడుకోబెట్టింది. ఏడవడానికి సాయంత్రం దాకా ఆగింది. ఒక్కదానివే ఎందుకు తీసుకెళ్లావని అత్తగారు అంటుందనే భయం ఒకటి, బస్సులో చేసింది తప్పేమోననే భయం ఒకటి.

ఇదంతా అక్క టీవీ వైపు చూస్తూనే చెప్పింది. తెర మీద ఆ అబ్బాయి నవ్వు అలాగే ఆగి ఉంది.

బావగారు ఓదార్పు మాటలు ఏవీ అనలేదు. "బస్సులో ఏ వైపు కూర్చున్నావు?" అని అడిగారు.

"కిటికీ పక్కని."

"ఎండ పడిందా వాడి మీద?"

"లేదు. మబ్బు పట్టీసి ఉంది."

"పోలిక ఎవరిదని చెప్పావు?"

"మీదే అని చెప్పాను."

ఆయన అలా అడుగుతూనే ఉన్నారు. బిడ్డకి ఏ బట్ట చుట్టావు, కొండ మలుపు దగ్గర బస్సు ఆగిందా, ఊళ్లో దిగాక ఏ దారిన వెళ్లావు అని. మొదట నాకు అర్థం కాలేదు, ఇవన్నీ ఇప్పుడెందుకు అనిపించింది. వింటూ వింటూ ఉండగా తెలిసింది. ఆయన ఆ బస్సెక్కుతున్నారు. నేను మెల్లిగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడికి కూడా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. ఆయనకి ఆ కబురు చలిలో పహరాకి వెళ్లబోతుండగా చెప్పారట. ఆ రోజు వద్దులే అని ఆఫీసరు అన్నా వినకుండా వెళ్లారట. "కూర్చుంటే చచ్చిపోయేవాణ్ణి" అన్నారు. అక్క అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్లలో అక్క గట్టిగా ఏడవగా వినడం నాకు అదే మొదలు.

రెండు రోజులు టీవీ పెట్టలేదు. తరవాత అక్కే పెట్టించింది, మొదలెట్టింది పూర్తి చేయాలంది. మిగిలిన కథలో ఆ పిల్ల అతన్ని నాలుగు మాటలు అని క్షమించేసింది. పెళ్లయింది, సముద్రం మీద సూర్యుడు దిగాడు. ముగింపు బాగుందా అని మా అమ్మాయి ఫోన్లో అడిగితే, "బాగానే ఉందమ్మా, పిల్లలు అందంగా ఉన్నారు" అంది అక్క. నా మట్టుకు నాకు ఆ సీరియల్ మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి, రెండూ నిజమే. ఒక కుర్చీ కోసం ఒక పూట ఇచ్చిన వాళ్లు ఒక ఏడాదిని ఒక్క మాటలో దాటేశారు. ఎడబాటుని అందంగా చూపించారు, అది మనిషిని ఏం చేస్తుందో చూపించలేదు. కానీ మాట్లాడకుండా ఒకచోట కూర్చోవడం ఆ మధ్యాహ్నాల్లో మాకు అలవాటు చేసింది కూడా అదే. మధ్యమధ్యలో ప్రకటనలు, అరుపులు ఉన్న సీరియల్ అయితే అక్క నోట ఆ ప్రశ్న వచ్చేది కాదేమో.

రేడియేషన్ పూర్తయ్యాక స్కాన్ బాగానే వచ్చింది. జనవరిలో వెళ్లిపోయారు. అప్పటికే మనవరాలు పుట్టింది. వేసవిలో బావగారు మెత్తగా కలిపిన పప్పన్నం తింటున్నారని అక్క ఫోన్ చేసి చెప్పింది. వానలు మొదలయ్యాక జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఢిల్లీ రానన్నారు. దసరాకి ముందు పోయారు.

పన్నెండో రోజు అయ్యాక నేను తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుంటే అక్క వచ్చి పక్కన కూర్చుంది. నువ్వెలా ఉంటావే ఇక, అని అడిగాను. అది అడక్కూడని ప్రశ్న, అయినా అందరం అడుగుతాం. అక్క వేరే మాట చెప్పింది. ఢిల్లీ నుంచి ఊరొచ్చాక రోజూ మధ్యాహ్నం ఆయన పక్కన మంచం మీద కూర్చుని, ఇద్దరూ పెళ్లయినప్పటినుంచీ ఒక్కో ఏడాదే చెప్పుకుంటూ వచ్చారట. ఆయన అక్కడ ఏం చేశారో, ఈమె ఇక్కడ ఏం చేసిందో.

"ఎందాకా వచ్చింది?" అన్నాను.

"పాపని బళ్లో వేసిన ఏడాది దాకా," అంది. "ఆపైన చాలా ఉండిపోయింది."