శుక్రవారం బొట్టు, శనివారం బండి

గుమ్మడిదల కిష్టప్ప బండికి శనివారమంటే పడదు. ఆదివారం నుంచి శుక్రవారం దాకా చెప్పినట్టు వింటుంది. శనివారం తెల్లవారేసరికి అలిగిన అల్లుడిలా మొరాయిస్తుంది. ఒక వారం తాళంచెవి సగం తిరిగి ఇరుక్కుపోతుంది. ఇంకో వారం తలుపులన్నీ వాటంతటవే లాక్ పడిపోయి తెరుచుకోవు. మరో వారం ఎవరూ ముట్టకుండానే హారన్ మొదలెట్టి వీధిని లేపుతుంది.

కిష్టప్ప సగం జీవితం మందుల కంపెనీలో బాయిలర్ దగ్గరే గడిచింది. ఆ వేడికి, ఆ వాసనకి ఛాతీ పట్టేసింది. డాక్టరు ఇక ఆ పని వద్దన్నాక ఒక పాత ఏడు సీట్ల బండి కొన్నాడు. కొనమన్నది భార్య ధనలక్ష్మే. "మంది కింద చేసింది చాలు, నీ బండి నువ్వు నడుపుకో" అంది. ఇప్పుడు పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లను ఎక్కించుకుని, పటాన్‌చెరులో ఒక ప్యాకింగ్ కంపెనీకి మొదటి షిఫ్టుకు దింపుతాడు. ఇల్లు గడిచేది దాని మీదే.

మొన్నటి శనివారం కంపెనీ గేటు ముందు బండి ఆపితే ఒక్క తలుపూ తెరుచుకోలేదు. లోపలి నుంచి లాగినా, బయటి నుంచి గుంజినా రాలేదు. చివరికి ఆడవాళ్లందరూ వెనక సీటు మీదుగా పాక్కుంటూ డిక్కీలోంచి దిగారు. సెక్యూరిటీ వాళ్లు పని మానుకుని చూశారు. దిగిన ఆడవాళ్లలో పెద్దదైన సోమమ్మ చీర దులుపుకుంటూ అంది.

"తమ్మీ, నన్ను డ్యూటీకి తెచ్చినవా, మేకల అంగడికి తెచ్చినవా?"

అందరూ నవ్వారు. నవ్వనిది ట్రాన్స్‌పోర్టు చూసే ప్రవీణ్‌కుమార్ ఒక్కడే.

"కిష్టప్పా, నువ్వు మంచోనివే. నీ బండితోనే పరేషాన్. వచ్చే శనివారం గూడ గిట్లనే అయితే వేరే బండి మాట్లాడుకుంట. నా మీద కోపం పెట్టుకోకు."

ఆ మాట ఇంటికి మోసుకొచ్చేసరికి కిష్టప్పకి అన్నం సహించలేదు. ధనలక్ష్మి మాత్రం తన అనుమానం మీదే నిలబడింది.

"శనివారమే ఎందుకైతుంది? శని పట్టింది బండికి. ఈ శుక్రారం ఇంక గట్టిగ చెయ్యాలె పూజ."

బండి కొన్నప్పటి నుంచీ ప్రతి శుక్రవారం కడిగి పూజ చేయడం ఆమెకు అలవాటు. బండి మొండికేసిన కొద్దీ ఆ పూజ పెరుగుతూ వచ్చింది.

పటాన్‌చెరులో కార్ల కరెంటు పని చేసే ఖదీర్‌కు ఈ బండి పాత చుట్టమే. వచ్చిన ప్రతిసారీ తాళంలో నూనె కొట్టేవాడు, ఎలుకలు కొరికిన తీగలకు టేపు చుట్టేవాడు. తాళంలోంచి ఎర్రపచ్చటి బురద కారితే తుప్పు అనుకున్నాడు. ఎలుకలు ఏ బండిలో లేవు గనక అనుకున్నాడు. ఈసారి మాత్రం పనిముట్లు కింద పెట్టి, తల గోక్కున్నాడు.

"అన్నా, నీ బండికి క్యాలెండర్ చదువొస్తదా ఏంది? ఎప్పుడు జూసినా శనివారమే వస్తవు. శుక్రారం నమాజ్ అయినంక నేనే మీ ఇంటికొస్త. ఆ రోజు అది ఏం తింటదో, యాడ పంటదో చూస్త."

అన్నట్టే శుక్రవారం సాయంత్రం స్కూటర్ మీద వచ్చాడు. ధనలక్ష్మి అప్పుడే బండి కడిగి, బానెట్ తెరిచి, పూజ మొదలుపెట్టింది. ఖదీర్ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆమె తడి పసుపు ముద్దలో వేలు ముంచి డ్రైవర్ తలుపు తాళం రంధ్రంలో అదిమింది. లోపలికి వంగి స్టీరింగ్ పక్కన తాళంచెవి పెట్టే చోట కూడా అలాగే అదిమింది. దాని మీద కుంకుమ. తర్వాత ఒక దోసెడు అక్షింతలు, రెండు బెల్లం ముక్కలు, ఒక కొబ్బరి చిప్ప తెచ్చి బ్యాటరీ పక్కన సర్దింది.

ఖదీర్ మెల్లిగా అడిగాడు. "వదినా, బొట్టు గక్కడ్నే ఎందుకు పెడతవు?"

"మనిషికి నొసలు లెక్క బండికి అది. తాళంచెవి తిరిగితేనే గద దానికి పానమొచ్చేది. ఇగ శని పట్టినప్పటి సంది జెర లోపలికే పెడుతున్న."

"మరి గా బెల్లం?"

"ఇంజన్‌కు నైవేద్యం. తెల్లారేసరికి గింజ మిగలదు భయ్యా. దేవుడే తింటుండు."

ఖదీర్ ఇచ్చిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, కిష్టప్పను గేటు బయటికి పిలిచాడు. చెప్పులతో మట్టిని గీకుతూ నిలబడ్డాడు.

"చెప్పు భాయ్. ఇంజన్ పోయిందా?"

"ఇంజన్ కాదన్నా. పోయినేడు మా అమ్మీ నా స్కూటర్ టాంకిల దర్గా నీళ్లు పోసింది. యాక్సిడెంట్ కావొద్దని."

"కాలే గదా?"

"యాడైతది? స్కూటర్ కదిలితే గదా."

కిష్టప్ప పకపకా నవ్వాడు. నవ్వు సగంలో ఉండగా కళ్లు బండి వైపు తిరిగాయి. తాళం రంధ్రంలోంచి పసుపు నీళ్లు సన్నగా కారుతున్నాయి. నవ్వు ఆగిపోయింది.

"పసుపు ఎండితే సిమెంట్ లెక్క పట్టుకుంటది" అన్నాడు ఖదీర్ నేల చూస్తూ. "డ్రైవర్ తలుపు తాళం బిగుసుకుంటే మిగిలిన తలుపులు గూడ దాని మాటనే వింటయి. బెల్లం తిన్న ఎలుకలు ఉత్తగ పోవు, తీగలు కొరుకుతయి. అందుకే హారన్ మొత్తుకునేది. నేను పూజను తప్పంటలేనన్నా. జాగా మారిస్తే చాలు."

అసలు కష్టం ధనలక్ష్మికి చెప్పడం. కిష్టప్ప వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ చెప్పాడు. ఆమె వింటూ వింటూ గరిటె పక్కన పెట్టేసింది.

"అంటే ఖరాబు చేసింది నేనేనా?"

"నువ్వెందుకే, ఎలుకలు."

"మరి శని?"

"శని లేడు గిని లేడు. బండి మంచిదేనట."

ధనలక్ష్మి గోడకు ఆనుకుని పీట మీద కూలబడింది. కళ్లలో నీళ్లు, మూతి మీద నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. "కొనమన్నది నేను. అచ్చిరాని బండి నీ మెడకు కట్టినేమో అని రోజూ కుములుతున్న. నీకు చెప్తే నువ్వు గూడ బెదురుతవని చెప్పలే."

కిష్టప్ప ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఛాతీ మీంచి బాయిలర్ రోజుల నాటి బరువేదో దిగినట్టనిపించింది.

వెలుగుండగానే ఖదీర్ రెండు తాళాలూ ఊడదీసి పెట్రోల్‌లో కడిగాడు. పాత టూత్ బ్రష్ తెచ్చిచ్చింది ధనలక్ష్మే. కొరికిన తీగలు తీసేసి కొత్తవి వేశాక ఆమె అడిగింది.

"ఇగ బొట్టు యాడ పెట్టాలె భయ్యా?"

"నంబర్ ప్లేటు మీద పెట్టు వదినా. గక్కడ తీగల్లెవ్వు."

"నైవేద్యం?"

"మీ ఆయనకు పెట్టు. ఆయన తీగలు కొరకడు."

మర్నాడు శనివారం. చీకటి విడవకముందే కిష్టప్ప తాళంచెవి పెట్టి తిప్పాడు. వెన్నలో కత్తిలా తిరిగింది. ఊరూరా ఆడవాళ్లను ఎక్కించుకుని కంపెనీ గేటు చేరేసరికి ప్రవీణ్‌కుమార్ అప్పటికే బయట నిలబడి ఉన్నాడు. సోమమ్మ ముందుచూపుతో డిక్కీ పక్క సీట్లోనే కూర్చుంది, చీర కొంగు నడుముకు దోపుకుని మరీ. కిష్టప్ప మీట నొక్కాడు. తలుపులన్నీ టక్కున తెరుచుకున్నాయి.

"ఏంది తమ్మీ, ఇయ్యాల దర్వాజనే తెరిసినవు? నేను దుంకనీకి తయారైతే."

ప్రవీణ్‌కుమార్ ఈసారి నవ్వాడు. "సోమవారం జల్దీ రా కిష్టప్పా" అని లోపలికి వెళ్లిపోయాడు.

అందరూ దిగాక కిష్టప్ప ఏ అవసరమూ లేకుండానే బండి ఆపి, మళ్లీ తాళం తిప్పి చూశాడు. తిరిగింది. ఇంటికి ఫోన్ చేశాడు.

"తిరిగింది" అన్నాడు.

అవతల ధనలక్ష్మి అడిగింది, "బొట్టు ఉన్నదా?"

కిష్టప్ప దిగి, ముందుకొచ్చి, వంగి చూశాడు. నంబర్ ప్లేటు నిండా దుమ్ము. వేలితో మెల్లిగా తుడిస్తే కింద ఎర్రగా కనిపించింది.

"ఉన్నది" అన్నాడు.