పరుగెత్తొద్దన్న రెండేళ్లు

మొన్న వికారాబాద్ నుంచి కబురొచ్చింది, డాక్టరమ్మ పోయిందని. తాండూరు బడిలో పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నదాన్ని, నడుమలోనే ఆపేశాను. ఆమె మీద నాకున్న కోపం, ప్రేమ రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి.

పసిపిల్లల ఛాతీ మీద పెట్టే ముందు స్టెతస్కోపు గొట్టాన్ని అరచేతిలో రుద్ది వెచ్చబరిచేది. మా పాప సుగుణకు మూడేళ్లప్పుడు జ్వరమొస్తే వికారాబాద్ ఆసుపత్రిలో అలాగే చూసింది. గుండె ఒకసారి వేగంగా, ఒకసారి నిదానంగా కొట్టుకుంటోందని, ఆసుపత్రికి కొత్తగా వచ్చిన మిషన్ మీద గుండె గీతలు తీసింది. పెద్దవాళ్లలో పైకి లేచే గీత సుగుణకు కిందికి దిగింది.

"గుండె కమ్జోరున్నది టీచరమ్మా. పిల్లను ఉరకనియ్యకు" అంది.

ఇక చూడండి మా ఇంటి సంగతి! పిల్ల గడప దిగితే చాలు, మా అత్త లబోదిబోమనేది. "ఉరికితే పాణం పోతదే, కూసో!" బడికి కూడా నేను చంకనేసుకునే తీసుకుపోయేదాన్ని. దాని ఈడు పిల్లలు నాపరాళ్ల మీద తొక్కుడుబిళ్ల ఆడుతుంటే అది కళ్లప్పగించి చూసేది.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం డాక్టరమ్మే రైలెక్కి మా ఇంటికొచ్చింది. హైదరాబాద్‌లో పసిపిల్లల గుండె చూడటం నేర్చుకుని వచ్చిందట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు జేసిన టీచరమ్మా. తల్లి కడుపుల ఉన్నప్పుడు గుండెల కుడి దిక్కుకే పని ఎక్కువ. పుట్టినంక మెల్లమెల్లగ ఎడమ దిక్కు బలమైతది. గందుకే చిన్నపిల్లల గీతలు వేరే ఉంటయి, పెరిగినకొద్ది మారుతయి. ఊపిరి తీసినప్పుడు జోరుగ, ఇడిసినప్పుడు నిమ్మలంగ కొట్టుకునుడు గూడ మామూలే. నీ బిడ్డకు ఏ రోగం లేకుండె."

"మరి దాని రెండేండ్లు ఎవరిస్తరు?" అన్నాను.

"నేనియ్యలేను. గా మాట జెప్పనీకే వచ్చిన."

ఆ తర్వాత ఏ రోగి దగ్గరైనా "నాకు తెల్వది, అడిగి జెప్త" అనడానికి ఆమె సిగ్గుపడలేదు. నేనెప్పుడు కనబడినా "సుగుణ ఉరుకుతున్నదా?" అనే అడిగేది. నడుస్తోంది, బడికి పోతోంది అనేదాన్ని. ఉరుకుతోందని మాత్రం ఏనాడూ అనలేదు.

ఇప్పుడు ఆమెను తలుచుకుంటే మా ఇంటికొచ్చిన ఆ మధ్యాహ్నమే కళ్ల ముందుకొస్తోంది. "ఉరుకు బిడ్డా, ఏం గాదు" అని మేమిద్దరం ఎంత బతిమాలినా సుగుణ నా మెడ వదల్లేదు. అప్పుడు డాక్టరమ్మ చెప్పులు విడిచింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఆ ఎండలో మా వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు తానే ఉరకడం మొదలుపెట్టింది.

సుగుణ ఒక్కసారిగా ఏడుపందుకుంది. "అమ్మా, ఆపమను! డాక్టరమ్మ సచ్చిపోతది!"

ఆ కేక ఆమెకు వినబడింది. కుచ్చిళ్లు చేత్తో పట్టుకునే, రొప్పుతూ, వాకిలి నడుమ నిలబడిపోయింది.