గాబ్రియేలు కోసిన కట్టు

కర్నూలులో నేను ఇరవై ఆరేళ్లుగా నర్సుగా చేస్తున్న ఆసుపత్రి పేరు చెప్పను. చెప్తే మా పెద్దడాక్టరుగారికి ఇంకో సన్మానం చేస్తారు. ఇప్పటికే శాలువాలు ఎక్కువై ఆయన బీరువా తలుపు పడటం లేదు.

ఆ శాలువాలన్నీ గుజరాత్ భూకంపం పుణ్యమే. రెండువేల ఒకటిలో ఇక్కడి నుంచి ఒక బృందం పోయింది. ఈయన నాలుగు రోజులుండి, కూలిన గోడల ముందు ఫోటోలు దిగి, నీళ్లు పడలేదని వచ్చేశాడు. ఆ బృందంలోనే పోయిన, మా దగ్గర కట్లు కట్టే గాబ్రియేలు నలభై రోజులున్నాడు. గోడల కింద నుంచి తీసిన మనుషుల కాళ్లను ఆపరేషన్ బల్ల మీద పట్టుకున్నది అతనే. పైకి గీత కూడా లేని కాలు లోపల వాచి బిగుసుకుపోతుందని, వెంటనే పొడుగ్గా కోసి వదలకపోతే కండ చచ్చి కాలు పోతుందని అక్కడ తెలుసుకున్నాడు. వేలు పెట్టి నొక్కితే చెప్పేస్తాడు. తిరిగొచ్చాక అతనికి శాలువా కప్పకపోగా, ఆ నలభై రోజులకూ సెలవు చీటీ రాసివ్వమన్నారు. రాసిచ్చాడు, వెర్రిబాగులవాడు.

పోయిన ఏప్రిల్లో బేతంచెర్ల గనిలో రామాంజి అనే కూలీ కాలి మీద నాపబండ పడింది. పొద్దున ఏడు గంటలు. ఆసుపత్రికి తెస్తే పోలీసు కేసవుతుంది కదా, అందుకని గని యజమాని అతన్ని జీపులో వేసుకుని నాటుకట్టు వేసేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. ఈ పెద్దమనుషులందరికీ అదే అలవాటు. వాడు వెదురుబద్దలు పెట్టి, గుడ్డుసొన పూసి, బిర్రుగా కట్టాడు. రామాంజి కేకలు ఎంతకీ ఆగకపోయేసరికి పన్నెండింటికి తెచ్చి మా దగ్గర పడేశారు.

గాబ్రియేలు కాలివేళ్లు పట్టుకు చూసి కత్తెర తీశాడు.

"మూడు దినాలు ఇప్పగూడదంట" అని యజమాని అడ్డొచ్చాడు.

"మూడు దినాలకు కాలుండదప్పా" అంటూ గాబ్రియేలు కట్టు కోసేశాడు. పిక్క నొక్కి చూసి డ్యూటీ డాక్టరు పద్మశ్రీ వైపు తిరిగాడు. "కాలు ఇప్పుడే పొడుగ్గా కోసి వదలల్లమ్మా."

ఆమెకు అర్థమైంది. కానీ పెద్దడాక్టరు సరేననిదే కత్తి పట్టే అధికారం మా దగ్గర ఎవరికీ లేదు. ఆ మహానుభావుడు పక్క భవనంలో మైకు ముందున్నాడు. భూకంప బాధితులకు శస్త్రచికిత్స ఎలా చేయాలో ఉపన్యాసం. ఫోను ఎత్తలేదు. గాబ్రియేలు పరిగెత్తాడు, వెనకే నేనూ పోయాను. తెరమీద వాచిన కాలి బొమ్మ ఉంది. ప్రతి నిమిషమూ విలువైనదేనని ఈయన గొంతు పెంచి చెప్తున్నాడు.

"సార్, అట్లాంటి కాలు ఈడనే క్యాజువాలిటీలో ఉండాది. రండి సార్" అన్నాడు గాబ్రియేలు.

సభలో నవ్వారు. పెద్దడాక్టరూ నవ్వాడు. "ప్రశ్నలు చివర్లో" అన్నాడు.

ఉపన్యాసం అయింది, శాలువా అయింది, భోజనం అయింది. వచ్చేసరికి రెండుంపావు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నాకూ నోరుంది, ఆ హాల్లో తెరవలేదు. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

కోసి చూస్తే కండ నల్లబడిపోయింది. మోకాలి పైదాకా కాలు తీసేశారు.

మూడోనాడు రామాంజి భార్య శివలీల కట్ల గదికి వచ్చింది. యజమాని అప్పటికే ఆమెకు కథ చెప్పిపెట్టాడు.

"బాగా కట్టిన కట్టు కోసి నా మొగుని కాలు తీసింది నువ్వేనంట గదా. నీ చేతులు పడిపోను."

నేను నోరు తెరవబోతే గాబ్రియేలు చేత్తో ఆపాడు. "ఔనమ్మా, కట్టు నేనే కోసినా. మీ యజమాని నీ మొగునికి కాపలా పని ఏమన్నా ఇస్తానన్నాడా?"

"ఇస్తాడు. నీ మాదిరి గాదు, మంచోడు."

"అట్లయితే కాగితం మీద రాయించుకో తల్లీ. వట్టి మాట నమ్మొద్దు."

ఆమె గుమ్మంలో ఉమ్మేసి వెళ్లిపోయింది. గాబ్రియేలు గుడ్డ తెచ్చి తుడిచాడు.