అన్నయ్య అరికాలు చూడటానికి అనకాపల్లి

అనకాపల్లికి చాలామంది బెల్లం కోసం వెళతారు. నేను మా అన్నయ్య కాలి కోసం వెళ్ళాను. అన్నయ్య అప్పలరాజు చెరకు సీజన్లో బెల్లం వండుతాడు. షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. "కాలి కింద పుండు పడ్డాది. ఆస్పత్రికి రమ్మంటే రాడమ్మా, నువ్వయినా సెప్పు" అని వదిన కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసింది. డాక్టరుకి చూపించకుండా తిరిగి రాకూడదనుకుని బయలుదేరాను.

విశాఖ కాంప్లెక్స్‌లో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఏడు దాటాక అనకాపల్లిలో దిగాను. కె. కోటపాడు రోడ్డులో ఉన్న బెల్లం పాకకి ఆటో ముప్పై రూపాయలు. డ్రైవరు నేను బెల్లం వండటం చూడ్డానికి వచ్చాననుకున్నాడు. "ఏడేడి బెల్లం తింటారేటండి? పెనం దించినప్పుడే బాగుంటాది" అన్నాడు. ఆటో అక్కడే ఉంచమన్నాను, వెయిటింగుకి వేరే ఇస్తానని.

పాకలో పొయ్యి మీద పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతోంది. సీజన్ మొదట్లో పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి వెలిగిస్తారు. ఆ తర్వాత పెనం దగ్గరికి ఎవరూ చెప్పులతో వెళ్ళరు. అన్నయ్య పాదానికి గుడ్డ చుట్టుకుని తెడ్డు తిప్పుతున్నాడు. "నొప్పి అస్సల్లేదు సెల్లీ. దీనికోసం ఇంత దూరం వచ్చేవా?" అని నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి అడుగేసి, పొయ్యిలోంచి జారిన నిప్పు మీద మడమ పెట్టాడు. పెట్టి, అలాగే ఉంచాడు. తోటి వంటవాడు సత్యం "బావా, కాలు! కాలు!" అని అరిచాక కిందికి చూసుకున్నాడు.

నాకు భయం, కోపం ఒక్కసారే వచ్చాయి. "నొప్పి తెలియకపోవడమే నీ జబ్బు, పద" అన్నాను.

"పెనం దించకుండా ఎలా వత్తానే? పాకం పాడైపోద్ది."

నేను వెళ్ళి ఎండిన చెరకు పిప్పి కుప్ప మీద కూర్చున్నాను. పొయ్యిలోకి వేసేది ఆ పిప్పే. నువ్వు కదిలితేనే నేను లేస్తానన్నాను. సత్యం నన్నూ, తగ్గుతున్న మంటనూ చూసి అన్నయ్య చేతిలోంచి తెడ్డు లాక్కున్నాడు. "ఎల్లు బావా, నాను దించుతాను."

ఇంకొన్నాళ్ళు ఆగుంటే పాదమే పోయేదనీ, ఇప్పుడైతే పుండు పాకిన రెండు వేళ్ళు తీస్తే చాలనీ అనకాపల్లి డాక్టరు చెప్పాడు. అన్నయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మళ్ళీ పెనం కాడ నిలబడగలనా సెల్లీ?"

"నిలబడతావు. చెప్పులేసుకుని."

"అది దేవుడి సోటే!"

"దేవుడికి నేను చెప్పుకుంటాను" అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

ఈ జబ్బు ఏ దేశాన్నీ వదలడం లేదని పేపర్లలో రాస్తున్నారు. అన్నయ్యని చేర్చిన వార్డులో మంచం మంచానికీ ఒక కట్టు కట్టిన కాలు ఉంది. పలకరిస్తే అందరిదీ ఒకటే జవాబు, నొప్పి లేదు కదా అని ఊరుకున్నామని. మీ ఇంట్లో గానీ, ప్రయాణంలో మీ వెంట గానీ షుగర్ ఉన్నవాళ్ళుంటే, రోజూ పడుకునేముందు వాళ్ళ అరికాళ్ళు దీపం వెలుగులో మీ కళ్ళతో చూడండి. నొప్పిగా ఉందా అని మాత్రం అడగకండి, లేదనే చెబుతారు.