సమాధానపడని ప్రతిపక్షం

తెలిసినవాళ్లనే కాక, తెలియకుండానే తెలుసునని చెప్పినవాళ్లను కూడా చెయ్యి విడువకుండా నడిపించే దేవునికి ముందుగా స్తోత్రం. ఆ కృప నామీద ఎట్లా పనిచేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ రోజుల్లో, అంటే ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు ఇంకా లేవకముందు, మా ఇంట్లో ప్రభుత్వం గురించి మాట్లాడుకునే అలవాటు లేదు. బైబిల్లోని ఇశ్రాయేలు రాజులు నాకు వరసగా కంఠతా వచ్చు. ఎవరు ఎన్నేళ్లు ఏలారో, ఎవరు విగ్రహాలు నిలబెట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మన ప్రధానమంత్రిని ఎవరు ఎన్నుకుంటారని అడిగితే మాత్రం, మనమేనని ధైర్యంగా చెప్పేదాన్ని. (మొదటిసారి ఓటు వేసినప్పుడు మిషన్ మీద ఆయన పేరు కనబడలేదు. అది మా ఉప్పల్ బూత్‌లో జరిగిన పొరపాటనుకుని, ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని బయటికి వచ్చేశాను.)

నాన్న నాచారంలో పనిచేసే ఫ్యాక్టరీ ఆ ఏడు మూతపడింది. అయినా ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడప దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఎనిమిదైతే లేచి, ఎక్కడికీ పోయేది లేదని గుర్తొచ్చి మళ్లీ కూర్చునేవాడు. నేను బాటనీ డిగ్రీ పట్టుకుని నాచారంలోని ఒక ప్రైవేటు బడికి వెళ్లాను. ఆ బడి నడిపే కరస్పాండెంట్ సారు నా సర్టిఫికెట్లు రెండుసార్లు తిరగేసి, "బాటనీకి మేడమ్ ఉన్నరమ్మా. సోషల్‌కే లేరు. చెప్తరా?" అన్నాడు. నాకు గడప దగ్గరి కుర్చీ కళ్లముందు కదిలింది. చెప్తానన్నాను. "అయితే సోమవారం తొమ్మిదో తరగతికి ఒక పాఠం చెప్పి చూపియ్యండి. పార్లమెంటు పాఠం. నేను వెనక కూసుంట. నచ్చితే ఉద్యోగం మీదే, లేదంటే ఏమనుకోవద్దు" అన్నాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘంలో కమిటీ తాతను పట్టుకున్నాను. ఇరవై ఏళ్లు సంఘ కమిటీకి కార్యదర్శిగా ఉన్న మనిషి. పరిపాలనలో ఆయనకు తెలియనిది లేదని అందరి నమ్మకం, ఆయనది కూడా. "గింత దానికి భయమెందుకు బిడ్డా. పార్లమెంటంటే ఏముంది, మన సంఘం లెక్కనే. జర పెద్దది" అని మొదలుపెట్టాడు. లోక్‌సభ అంటే చాపల మీద కూర్చున్న సంఘమంతా. రాజ్యసభ అంటే ముందు బెంచీ మీది పెద్దలు. స్పీకర్ అంటే పాస్టరు అయ్యగారు, ఎవరు ఎప్పుడు లేవాలో చెప్తారు. రాష్ట్రపతి అంటే బిషప్పుగారు, పంపిన కాగితం మీద సంతకం పెడతారు. ఇంత సులువైన పాఠానికి ఇన్ని పేజీలు ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు.

"మరి ప్రతిపక్షం, తాతా?"

తాత కళ్లద్దాలు తీసి తుడిచాడు. "గది మన దగ్గర లేదు బిడ్డా. ఎవరికన్న ఎవరి మీదన్న కోపముంటే, బల్ల తీసుకునే ముందల చేతులు కలిపి సమాధానపడ్తరు. గట్లనే రాసుకో."

అట్లాగే రాసుకున్నాను. మా సంఘంలో నెలకోసారి ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి వెళ్లేముందు మనస్పర్ధలున్నవాళ్లు ఒకరి దగ్గరికొకరు వెళ్లి క్షమాపణ అడుగుతారు. ఆ తర్వాత అయ్యగారు ఏదైనా నిర్ణయం చదివి, సమ్మతమేనా అంటే అందరం ఆమేన్ అంటాం. కాదన్నవాళ్లను నేను పుట్టాక చూడలేదు. దేశం కూడా ఇంత చక్కగా నడుస్తోందని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

సోమవారం తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది. కిటికీల వైపు ముప్ఫై మందిని ప్రభుత్వం చేశాను, తలుపు వైపు ఎనిమిది మందిని ప్రతిపక్షం చేశాను. స్పీకర్‌ని నేనే. ప్రభుత్వం వాళ్లు తమలో క్రికెట్ బ్యాట్ సొంతంగా ఉన్నవాణ్ని ప్రధానమంత్రిగా ఎన్నుకున్నారు. తలుపు వైపు నాయకురాలు మల్లాపూర్ నుంచి వచ్చే సన్నపాటి అమ్మాయి. మధ్యాహ్నం తిండి విరామం పావుగంట పెంచాలని ప్రధానమంత్రి బిల్లు పెట్టాడు. బల్లలు చరిచారు. మల్లాపూర్ పిల్ల లేచి, నాకు ఇష్టం లేదంది.

నేను స్పీకర్ స్థానంలోంచి దిగి వెళ్లి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ప్రధానమంత్రి దగ్గరికి తీసుకొచ్చాను. "ఓటింగుకు ముందు ఇద్దరూ ఒకరినొకరు క్షమించమని అడగాలి" అన్నాను.

"నేనెందుకడగాలె టీచర్? నేనేం జేసిన?"

"మనసులో ఏమీ పెట్టుకోకూడదమ్మా."

"మనసుల ఏం లేదు టీచర్. బిల్లే మంచిగ లేదు."

ప్రధానమంత్రి మాత్రం వినయంగా, "సారీ" అన్నాడు. దేనికని ఆ పిల్ల అడిగితే వాడికీ తెలియలేదు. వెనక బెంచీలోంచి కరస్పాండెంట్ సారు, "మేడమ్, పార్లమెంటుల గట్లుండదు. ఆ పిల్లను మాట్లాడనియ్యండి" అన్నాడు. ఆ పిల్ల చెయ్యి వదిలేశాను. పోయి కూర్చున్నాను.

ఆ పిల్ల మాట్లాడింది. "తిండికి పావుగంట ఇస్తే బడి పావుగంట లేటుగ ఇడుస్తరు. మా బస్సు నాలుగు పదికి. అది పోతే మళ్ల గంటకు. లారీల మధ్యలకెళ్లి నడిచి పోవాలె. మీకు అన్నం అరుగుతది, మా సంగతేంది?" కిటికీల వైపు కూడా ఆ బస్సెక్కేవాళ్లున్నారు. ఆ సంగతి వాళ్లకు అప్పుడే తెలిసినట్టుంది. చేతులెత్తమంటే బిల్లు ఓడిపోయింది.

ప్రధానమంత్రి లేచి, "ఇప్పుడు నేను రాజీనామా చెయ్యాల్నా టీచర్?" అన్నాడు.

కమిటీ తాత ఈ సంగతి చెప్పలేదు. నాకు తెలిసిన రాజులెవరూ బిల్లు ఓడి దిగిపోలేదు. "నాకు తెలియదు నాయనా. చదివి రేపు చెప్తాను" అన్నాను.

"రేపెట్ల చెప్తరు మేడమ్? మిమ్మల్ని ఇంకా తీసుకోలే కద" అన్నాడు సారు. ఆయన మొహంలో నవ్వు లేదు, కోపమూ లేదు. పిల్లల వైపు తిరిగి, "ఏమంటరు? తీసుకుందామా?" అన్నాడు. ముప్ఫై ఏడు చేతులు లేచాయి. వద్దనేవాళ్లు ఎవరన్నాడు. మల్లాపూర్ పిల్ల చెయ్యెత్తి, "టీచరుకు సబ్జెక్టు రాదు సార్" అంది.

"నిజమే" అన్నాడు సారు. "మేడమ్, రేపటి నుంచి రండి. ఆ ఒక్క చెయ్యి దిగేదాక బాగ చదువుకోండి."

సాయంత్రం ఉండబట్టలేక గేటు దగ్గర ఆ పిల్ల కోసం నిలబడ్డాను. నామీద ఏమైనా కోపముంటే చెప్పమ్మా అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "కోపమెందుకు టీచర్? వద్దన్న, అంతే. మీరు గెలిసిన్రు కద" అని, నాలుగు పది బస్సుకు పరుగెత్తింది.

మర్నాడు చదువుకుని వెళ్లాను. ఒక్క మామూలు బిల్లు ఓడినంత మాత్రాన దిగనక్కర్లేదని, సభ నమ్మకం పోతేనే దిగాలని చెప్పాను. ప్రధానమంత్రి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ పిల్ల ఇంకో ప్రశ్న అడిగింది. ఆ ఏడాదంతా అడుగుతూనే ఉంది, నేను చదువుతూనే ఉన్నాను. చెయ్యి ఎప్పుడు దించిందో నాకు తెలియదు.

నేనిప్పటికీ సోషలే చెప్తున్నాను. వద్దనడం పాపం కాదని పిల్లలకు ఏటా చెప్తాను. సంఘ సమావేశంలో మాత్రం ఇన్నేళ్లలో వద్దని చెయ్యెత్తింది రెండుసార్లే. రెండోసారి అయ్యగారు చూసేలోపే కొంగు సర్దుకుంటున్నట్టు దించేశాను. చదివేవాళ్లారా, నాతోపాటు ఒక్క నిమిషం ప్రార్థించండి. మనల్ని ఏలేవాళ్లకు జ్ఞానం ఇమ్మని, వాళ్లకు ఎదురుగా కూర్చునేవాళ్లకు గొంతు ఇమ్మని, నాకు ఈసారి చెయ్యి కాసేపు ఎక్కువ నిలిపే బలం ఇమ్మని. ఆమేన్ మాత్రం, మీకు సమ్మతమైతేనే.