అప్ప పాడని చోటు

మా ఇంటి పక్క స్థలంలో ఈ మధ్య అపార్టుమెంటు లేస్తోంది. పొద్దున్నే వంటింటి కిటికీ తీస్తే తడి సిమెంటు వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. కోడలికి ఆ వాసన పడదు, వెంటనే తలుపు వేసేస్తుంది. తను స్నానానికి వెళ్లగానే నేను మళ్లీ తీస్తాను. మొన్న స్లాబు వేశారు. పొడుగాటి గొట్టం, ఒక మెషీను, నలుగురు మనుషులు. మధ్యాహ్నానికల్లా పనైపోయింది. ఆ గోలలో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. పని బాగానే చేశారు, వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ వాసన తగిలినప్పుడల్లా నా చెవి ఇంకేదో వెతుక్కుంటుంది. స్లాబు పడుతుంటే పాట ఉండాలి. పైడమ్మప్ప పాట.

మావైపు అక్కని అప్ప అంటాం. పైడమ్మ నాకు రక్తసంబంధం కాదు. ఆనందపురం అవతల పక్కపక్క ఊళ్లు మావి. ఇద్దరం పెళ్లిళ్లయ్యాక విశాఖపట్నం చేరి, పోర్టు క్వార్టర్లు కడుతున్న రోజుల్లో ఒకే మేస్త్రీ కింద కూలికి కుదిరాం. నాకంటే పదేళ్లు పెద్దది. నల్లగా, పొడుగ్గా, నవ్వితే పై చిగురు కనిపించేలా ఉండేది. పాటలు కట్టేది. ఎవరో కట్టినవి కాదు, తనవే. సిమెంటు కలిపే చోటి నుంచి మేడ మీద దాకా ఆడవాళ్లం వరసగా నిలబడితే, అది నింపిన ఇనప తట్ట, గమేళా, చేతి నుంచి చేతికి పైకి వెళ్లేది. స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపితే అతుకు పడి వానాకాలం కారుతుంది. అందుకని పాట. అప్ప ఒక మాట పాడి ఆగేది, మేమందరం వంత పాడేవాళ్లం, ఆ వంతలో గమేళా చెయ్యి మారేది. ఆమె పక్క చోటు నాది.

మొదటిరోజు ఆమె పాడిన మాటనే నేను తిప్పి పాడాను. మధ్యాహ్నం సద్దన్నం దగ్గర పట్టుకుంది.

"ఓలె లచ్చిమీ, నాను సెప్పిందే మల్లీ సెప్తావేటే? నువ్వేటి, సిలకవా?"

"మరేటి పాడాలప్పా?"

"నాను అడిగితే నువ్వు జవాబు సెప్పాల. నాను ఏడిత్తే నువ్వు ఊరుకోబెట్టాల. వంతంటే అది. లేపోతే నా పాట నానే పాడుకుందును కాదేటి, నువ్వెందుకు మద్దిన?"

నేను రెండో తరగతి చదివి మానేసినదాన్ని. నాకు ఎవరూ ఏదీ అంత ఓపిగ్గా నేర్పలేదు. అప్ప కూడా ఓపిగ్గా నేర్పలేదు, తిట్టి నేర్పింది. కొత్త పాట కట్టినప్పుడల్లా ముందు నాకే వినిపించేది. నేను బాగుందంటే చాలు, ఆమెకి ఒళ్లు మండేది.

"కూరా బాగుందంటావు, కోకా బాగుందంటావు, నా పాటా బాగుందంటావు. మూడూ ఒకటేనేటి? ఎక్కడ బాగుందో సెప్పు. ఎక్కడ బాగోనేదో సెప్పు."

ఒకరోజు ధైర్యం చేసి చెప్పాను. ఒక కొత్త పాటలో పొద్దుటి ఎండని బంగారంతో పోల్చింది. "మనమెప్పుడు సూసినామప్పా బంగారం? ఎండ మన నెత్తి మీద ఉన్నది, బంగారం ఎవరింట్లో ఉందో మనకేటి తెల్సు? ఆ మాట తియ్యి" అన్నాను. తిడుతుందనుకున్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని కాసేపు ఆలోచించింది. "తీసీసినాను" అంది. ఆ సాయంత్రానికి ఆ చోట పసుపు ముద్ద వచ్చి కూర్చుంది. అప్పటినుంచి నా నోరు లేచింది. ఈ పొద్దు నన్ను అందరూ పెడసరం మనిషంటారు. ఆ పెడసరం అప్ప పెట్టిన భిక్షే.

తర్వాత నాకు పిల్లలు, అప్పకి మోకాళ్ల నొప్పులు, ఇద్దరం పని మానేశాం. మేం గాజువాకలో చిన్న ఇల్లు వేసుకున్నాం. స్టీలుప్లాంటు కడుతున్న రోజులవి. టౌన్‌షిప్పు పనికి వచ్చిన ఆడవాళ్లు అప్ప పాటలు పాడుతున్నారని అప్పుడప్పుడూ వినేదాన్ని. ద్వారకా నగర్లో కేసెట్ల కొట్టాయన ఆ నోటా ఈ నోటా విని అప్పని వెతుక్కుంటూ వెళ్లి, ఒక కేసెట్ చేశాడు. ఆరు పాటలు. అట్ట మీద అప్ప బొమ్మ, మెడలో ఎవరిదో దండ.

అప్ప అది పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఇందా. ఇనీసి సెప్పు."

"అందరూ ఏటంటన్నారప్పా?"

"బాగుందంటన్నారే. అందుకే నీకాడికొచ్చినాను." గొంతు సవరించుకుంది. అలా సవరించుకోవడం అంతకు ముందు నేనెరగను. "కొట్టాయన ఇంకోటి సేద్దారంటన్నాడు. మీ బావేమో ముసిల్దానికి ఈ ఏసాలేటని రోజూ గోల. నాకూ ఎటూ తోసట్లేదు. నువ్వు ఇనీసి, పనికొత్తాదంటే పాడతాను. పనికిరాదంటే ఆపీసి ఇంటికాడ కూకుంటాను. ఆదివారం వత్తాను. నీ మాట మీదే ఒట్టు."

"నా మీద పెడతావేటప్పా ఈ బరువు?"

"ఎన్ని గమేళాలు అందుకోనేదు నువ్వు? ఇదీ అందుకో" అని లేచి వెళ్లిపోయింది.

మా ఆయన పోర్టులో కళాసీ. ఓడ సరుకు అమ్మేవాళ్ల దగ్గర బేరమాడి తెచ్చిన పాత టేపురికార్డరు ఒకటి ఉండేది మాకు. పిల్లలు ముట్టుకోకుండా అలమార పైన పెట్టేదాన్ని. పిల్లల్ని బడికి పంపి, తలుపేసి, కేసెట్ పెట్టాను. మొదటి పాట స్లాబు పాట, నాకు కంఠతా వచ్చినదే. కానీ గొంతు లావుగా, నెమ్మదిగా, నీళ్లల్లోంచి వచ్చినట్టు వస్తోంది. బ్యాటరీలు అయిపోతున్నాయనుకున్నాను. తీసి పెరట్లో ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ వేశాను. అదే గొంతు. మనసు ఒప్పకపోయినా మర్నాడు కొత్త బ్యాటరీలు కొన్నాను. అదే గొంతు. అప్పుడు తెలిసింది, నెమ్మదించింది బ్యాటరీలు కాదు, అప్ప అని. ఆ నెమ్మదిలో స్లాబు వేస్తే మేడ మీదికి చేరేలోపు సిమెంటు గట్టిపడిపోతుంది. పోనీ గమేళా మోసే పాట కాదనుకుని వింటే, ఏ మాటకామాట, చెవికి ఇంపుగానే ఉంది. మరి ఏమనుకుని వినాలి? నాకు అక్కడే మొదలైంది తికమక.

రెండోది మేస్త్రీ గొడుగు పాట. మేస్త్రీ నీడలో నిలబడి మమ్మల్ని ఎండలో తరిమేవాడని అప్ప కట్టింది. అది పాడితే మేం నవ్వాపుకోలేక గమేళాలు ఒలకబోసేవాళ్లం. కేసెట్లో ఆఖరి చరణం మార్చేసింది. "మేస్త్రీ నీ గొడుక్కి సిల్లులే, నీ మీదా ఎండేనా" అని జాలిపడింది. ఆ మేస్త్రీ మీద జాలేమిటి! కోపం వచ్చి ఆపేశాను. తర్వాత అంట్లు తోముతుంటే ఆ ఒక్క చరణమే నోట్లో ఆడింది. అంటే బాగున్నట్టా, బాగోనట్టా?

మూడోది మమ్మల్ని పనికి తీసుకెళ్లే లారీ పాట. దాని గురించి చెప్పేదేమీ లేదు, లారీ ఎక్కినట్టే ఉంది.

కేసెట్ రెండోవైపు తిప్పితే నాలుగోది జోలపాట. నా పెద్దకొడుకుని పరంజి కర్రకి కోకతో ఉయ్యాల కట్టి పడుకోబెడితే, కింద నుంచి అప్ప పాడిన పాట అది. వాడి పాట. ఇప్పుడు అందులో "గుంటడా" అన్న చోటల్లా "గుంటా" అని ఉంది. ఆడపిల్ల! ఆ ఆడపిల్ల ఎవరు? అప్పకి పిల్లలు లేరు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. బ్యాటరీ ఖర్చవుతుందని పెన్సిలుతో తిప్పాను.

ఇక ఐదోది. అది నేనెన్నడూ వినని పాట. "గోడలు కట్టినాం గదమ్మా, గుమ్మం ఎటేపమ్మా" అని మొదలవుతుంది. మేళం లేదు, గొంతొక్కటే. ఆ మాట అని ఆగింది. ఇప్పుడు వంత వస్తుందని చూశాను. రాలేదు. మిగతా పాటల్లో మా వంత ఉండాల్సిన చోట ఫిడేలో ఫ్లూటో నింపారు. ఇక్కడ ఏమీ లేదు. టేపు తిరుగుతున్న చప్పుడు మాత్రం. నా చేతులు వాటంతటవే ముందుకి వచ్చాయి, గమేళా అందుకోవడానికి. ఖాళీ చేతులతో వంటింటి మధ్యలో నిలబడ్డాను. అంతలో అప్ప రెండో మాట అడిగింది, మళ్లీ ఆగింది. పాట పొడుగునా అంతే. అడగడం, ఆగడం.

కేసెట్ చెడిపోయింది అనుకున్నాను. ఎవడో వంత పాడినవాళ్ల గొంతులు చెరిపేశాడు. అప్ప చూసుకోకుండా ఆ చెడ్డదే నాకు తెచ్చింది. చెడ్డది విని మంచిదో చెడ్డదో చెబితే పాపం తగలదూ? ఆరో పాట వినకుండానే ద్వారకా నగర్ బస్సెక్కాను.

కొట్టాయన గోదావరి జిల్లా మనిషి. మర్యాదగా కుర్చీ చూపించాడు, నేను కూర్చోలేదు.

"ఇది చెడిపోయింది. మార్చి ఇవ్వండి."

"ఎక్కడ పోయిందమ్మా?"

"ఐదో పాటలో వంత చెరిగిపోయింది."

ఆయన ఇంకొకటి తీసి పెట్టాడు. అదే. "ఇదీ పోయింది" అన్నాను. మూడోది విప్పాడు. అదీ అంతే. కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "పోలేదండీ. ఆవిడే అలా పెట్టించుకున్నారు. అక్కడ ఫ్లూటు వేయిస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. ఆ చోటు నాది కాదు, నీదీ కాదు, ముట్టుకోకు అన్నారు. నాకూ బోధపడలేదండి. అమ్ముతున్నాను, అంతే."

తిరుగు బస్సులో ఎవరిది ఆ చోటు అని ఆలోచిస్తూ మా స్టాపు దాటిపోయాను. నాదా? నాదైతే నన్నెందుకు పిలవలేదు? మా అందరిదా? లేక ఎవరిదీ కాదా? తేలలేదు. ఇంటికొచ్చి ఆరోది విన్నాను, అమ్మవారి పాట. అది బాగుంది. ఎక్కడంటే, ఆఖర్న అప్ప గట్టిగా ఊపిరి తీసుకున్న చప్పుడు తీసేయకుండా ఉంచారు.

ఆదివారం అప్ప వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి పీట మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, పరీక్ష రాసిన పిల్లలా. నేను వరసగా చెప్పుకొచ్చాను. మొదటిది పనికి పనికిరాదు, వినడానికి బాగుంది అన్నాను. తలూపింది. మేస్త్రీ మీద జాలి నాకు నచ్చలేదన్నాను.

"నాకూ నచ్చనేదే. గానీ అలాగే వచ్చింది. సచ్చిపోయినాడు కాదేటి ఆడు."

నాకు ఆ సంగతి తెలియదు. జోలపాటలో ఆడపిల్ల ఎవరప్పా అని అడిగాను.

"ఎవురూ కాదు. నీ కొడుకుని ఎంతకాలం ఊపను? ఆడికి మీసాలొత్తన్నాయి. నాకొక గుంటుంటే బాగుణ్ణని ఊపినాను."

ఆ తర్వాత ఐదోది. నాకు అర్థం కానిదాని గురించి ఎవరైనా అడిగితే మొహం గంటు పెట్టుకుని కూర్చోవడం నాకు చిన్నప్పటి అలవాటు. రెండో తరగతి చదువని బయటపడుతుందేమోనని భయం. మొహం అలా పెట్టుకుంటే ఇంకెవరూ అడగరు. అప్ప ముందు కూడా అలాగే పెట్టుకున్నాను.

"ఆ మొకం నా కాడెట్టకు. సెప్పు."

బాగుంది అనేస్తే అయిపోతుంది. ఆమె పాడుతుంది. బాగోలేదంటే ఆపేస్తుంది. ఒట్టు పెట్టింది, తప్పదు. రెండూ అబద్ధాలే అవుతాయి. నిజం చెప్పడానికి నా దగ్గర మూడో మాట ఒక్కటే ఉంది. అది చెబితే ఆమెకి నేను దేనికీ పనికిరానని తేలిపోతుంది.

"నాకర్థం కానేదప్పా" అన్నాను. "కొట్టుకి కూడా ఎల్లినాను, సెడిపోయిందని. బాగుందో నేదో నాకు తెల్దు. ఎన్నిసార్లు ఇన్నా తెలట్లేదు."

అప్ప నా మొహంలోకి చూసింది. పై చిగురు కనిపించింది.

"కొట్టుకెల్లినావేటే? ఓలమ్మో! మార్చమన్నావా?"

"మూడు తీయించినాను."

కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అంది.

"నాకూ అర్థం కానేదే. ఆ మాట అడిగేసినాను, జవాబు నా కాడ నేదు. ఎవురి సేత పాడించినా అబద్ధమే అవుద్ది. అందుకని ఒగ్గీసినాను. అందరూ బాగుందంటే బయమేసింది. ఈలకి జవాబు తెలిసిపోయిందేటి, నాకు తెలకుండా అని." లేచి చెంగు దులుపుకుంది. "నీకూ తెలనేదు గదా. అయితే పాడతాను. తెలిసిపోతే ఇంక పాడ్డమెందుకే?"

తర్వాత ఇంకో రెండు కేసెట్లు చేసింది. వాటిలోనూ నాకు అర్థం కానివి ఉన్నాయి. ప్రతిసారీ వచ్చి అడిగేది, ప్రతిసారీ చెప్పేదాన్ని. ఇప్పుడు అప్ప లేదు. ఆమె అడిగిన గుమ్మం ఎటువైపో ఈ వయసులో కూడా నాకు తెలియదు.

కిందటి నెల కళ్లాసుపత్రికి వెళ్లాం. కుర్ర డాక్టరు శుక్లాల గురించి గబగబా చెప్పుకుపోయి, "అర్థమైంది కదా మామ్మగారూ" అన్నాడు. పక్కన మా పెద్దవాడు "అయిందండీ" అనేశాడు. నేను వాడి చెయ్యి మీద చెయ్యి వేసి ఆపాను.

"నాకవలేదు బాబూ. మళ్లీ చెప్పు."

బయట వరసలో జనం ఉన్నారు. డాక్టరు ఒకసారి తలుపు వైపు చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదట్నుంచి మొదలుపెట్టాడు.